పేరు చెప్పి అమ్మండి: సీ అనిమోన్ వర్తకులకు ఒక బహిరంగ లేఖ

సముద్రపు అక్వేరియం జీవులను సేకరించే, దిగుమతి చేసుకునే, దుకాణాలలో అమ్మే వర్తకులకూ, వారి సంఘాల బాధ్యులకూ,

విషయం: సీ అనిమోన్‌లను, అంటే పువ్వులా కనిపించే కుట్టే సముద్ర జంతువులను, జాతి పేరు చెప్పకుండా, అవి ఇతర చేపలకు కలిగించే ప్రమాదాన్ని తెలపకుండా అమ్మడం గురించి.

ఆర్యా,

ప్రాణమున్న జీవిని సముద్రం నుంచి మా ఇంటి అద్దాల తొట్టి దాకా చేర్చడంలో ఎంత శ్రమ, ఎంత జాగ్రత్త ఉంటాయో తొమ్మిదేళ్లుగా రీఫ్ ట్యాంకు (పగడాలూ, సముద్రపు చేపలూ ఉండే ఉప్పునీటి తొట్టి) పెంచుతున్న నాకు కొంత తెలుసు. ఆ గౌరవంతోనే గడచిన ఏడాదిలో ఒక దుకాణదారుకు, ఆయనకు సరుకు పంపిన సరఫరాదారుకు, వర్తకుల సంఘం ఒకదానికి విడివిడిగా ఉత్తరాలు రాశాను. దుకాణదారు ఒక్క వాక్యంలో నెపం చేపల మీదికి నెట్టారు. సరఫరాదారు నుంచి జవాబు రాలేదు. సంఘం వారు, ఇది కొన్నవారికీ అమ్మినవారికీ మధ్య విషయమని రాసి ఊరుకున్నారు. ఇది ఒక దుకాణానికి పరిమితమైన తప్పు కాదనీ, ఈ వ్యాపారమంతటా పాతుకుపోయిన అలవాటు అనీ నేను నమ్ముతున్నాను కనుక, చెప్పవలసింది అందరి ముందూ చెబుతున్నాను.

జరిగింది ఇది. నా ట్యాంకులో ఆసెలారిస్ క్లౌన్ ఫిష్ జంట, ఒక మాండరిన్ చేప, రెండు ఫైర్‌ఫిష్‌లు, ఇసుకలో బొరియ చేసుకుని పిస్టల్ రొయ్యతో కలిసి బతికే ఒక గోబీ ఉండేవి. క్లౌన్ ఫిష్ జంటకు ఆశ్రయంగా ఒక అనిమోన్ కావాలని, మిగిలిన చేపలకు హాని చేయనిదే ఇవ్వమని అడిగాను. ‘కార్పెట్ అనిమోన్’ అన్న రెండు మాటలు తప్ప మరేమీ రాసి లేని తొట్టిలోని ఆకుపచ్చని జీవిని చూపించి, క్లౌన్ ఫిష్‌లు ఉండేది దీనిలోనే, చేపలకు ఏ భయమూ లేదు అన్నారు. నమ్మి తెచ్చుకున్నాను. పదకొండో రోజు ఉదయం మాండరిన్ కనిపించలేదు. ఆ తరువాతి వారంలో ఒక ఫైర్‌ఫిష్ తోక ఆ అనిమోన్ నోటి అంచున వేలాడుతూ కనిపించింది. గోబీ ఎప్పుడు పోయిందో చూడనే లేదు. దాని రొయ్య ఒక్కటే బొరియ వాకిట్లో తచ్చాడుతుంటే గ్రహించాను. ఇంతా చేసి, ఎవరి కోసం తెచ్చానో ఆ క్లౌన్ ఫిష్ జంట దాని దరిదాపులకైనా వెళ్లలేదు.

అప్పుడు తీరిగ్గా దాని కాండాన్ని, స్పర్శకాలను (ఎరను పట్టే వేళ్ల వంటి భాగాలను), అంచు మడతలను పరిశీలించి, తెలిసినవారిని అడిగి చూస్తే అది స్టైకోడాక్టైలా హడోనై అని తేలింది. ఇసుక మీద పరుచుకుని, పెరిగితే 80 సెంటీమీటర్ల వెడల్పు దాకా వచ్చే కార్పెట్ అనిమోన్ ఇది. చేపలను పట్టి తినడంలో పెంపకందారులందరికీ తెలిసిన పేరు. పైగా సముద్రంలో ఆసెలారిస్ క్లౌన్ ఫిష్ సహజంగా ఆశ్రయం తీసుకునే మూడు జాతులలో ఇది లేనే లేదు. ఆ మూడూ హెటెరాక్టిస్ మ్యాగ్నిఫికా, స్టైకోడాక్టైలా జైగాంటియా, స్టైకోడాక్టైలా మెర్టెన్సై. అంటే దుకాణంలో నాకిచ్చిన రెండు హామీలలో ఒక్కటి కూడా నా ట్యాంకుకు వర్తించలేదు. ఆ జాతి పేరు తొట్టి మీద రాసి ఉంటే, ఇంటికి వెళ్లి ఒక్క పూట చదువుకుని, దానిని తెచ్చుకోకుండా ఉండేదాన్ని.

ఆరోగ్యంగా ఉన్న చేప అనిమోన్‌కు చిక్కదు, జబ్బుపడినదే చిక్కుతుంది అన్నది దుకాణదారు నాకిచ్చిన జవాబు. మీలో చాలామంది ఇదే చెబుతారు. ఇందులో కొంత నిజముంది. పగటి వెలుతురులో చురుకైన చేపలు చాలావరకు అనిమోన్‌ను తప్పించుకునే తిరుగుతాయి. కానీ లైట్లు ఆరిన తరువాత బెదిరిన చేప ఎటు దూకుతుందో దానికే తెలియదు. మాండరిన్ ఈదడం కన్నా రాళ్ల మీద, ఇసుక మీద పాకినట్టు తిరగడమే ఎక్కువ. గోబీ నేల మీదే నిద్రపోతుంది. సముద్రంలో వాటికి తప్పుకుపోవడానికి బోలెడంత చోటు ఉంటుంది, మా తొట్టిలో ఉండదు. ట్యాంకు అడుగులో మూడో వంతు ఆక్రమించిన కార్పెట్ పక్కన నేలమీద బతికే చేపను ఉంచి, అది జబ్బుతోనే పోయిందనడం న్యాయం కాదు.

ఈ లేఖకు మూలమైన మాట ఒక్కటే: ‘క్లౌన్ ఫిష్‌కు ఆశ్రయమిచ్చేది’ అనడం వేరు, ‘చేపలకు సురక్షితమైనది’ అనడం వేరు. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజం కాదు. సీ అనిమోన్ చూపులకు పువ్వులా ఉన్నా మాంసాహార జంతువు. దాని స్పర్శకాల నిండా దంశకణాలు, అంటే కుట్టే కణాలు, ఉంటాయి. తాకిడి వల్లా, ఎర ఒంటి మీది రసాయనాల వల్లా ప్రేరణ పొంది, అవి విషపు దారాలను విసురుతాయి. అనిమోన్‌కు బంధువైన హైడ్రా అనే చిన్న మంచినీటి జీవిలో ఈ విసురు వేగాన్ని కొలిచినప్పుడు, అది సెకనులో పది లక్షల వంతు కన్నా తక్కువ సమయంలో జరుగుతున్నట్టు తేలింది. తాకిన తరువాత తప్పించుకునే వ్యవధి ఏ చేపకూ ఉండదు. క్లౌన్ ఫిష్‌ను కాపాడేది దాని ఒంటి మీది శ్లేష్మం. ఆ శ్లేష్మంలో సియాలిక్ ఆమ్లం అనే చక్కెర వంటి పదార్థం తక్కువగా ఉండటం ఇందుకు ఒక కారణమని పరిశోధకులు చెబుతున్నారు. ఆ రక్షణ మాండరిన్‌కు లేదు, ఫైర్‌ఫిష్‌కు లేదు, గోబీకి లేదు, సముద్రపు గుర్రానికి అంతకన్నా లేదు. క్లౌన్ ఫిష్‌కైనా అది అన్ని అనిమోన్‌లకూ పనికొచ్చే అభయపత్రం కాదు. తొట్టిలో పుట్టి ఎన్నడూ అనిమోన్‌ను చూడని చేప, కొత్తదాని స్పర్శకాలకు కొద్దికొద్దిగా ఒళ్లు తగిలిస్తూ అలవాటు పడాలి.

ప్రపంచంలో సీ అనిమోన్ జాతులు వెయ్యికి పైగా ఉన్నాయి. వాటిలో క్లౌన్ ఫిష్‌లకు ఆశ్రయమిచ్చేవిగా చాలాకాలంగా లెక్కిస్తున్నవి పది మాత్రమే. అన్నీ హిందూ, పసిఫిక్ మహాసముద్రాలవే. అట్లాంటిక్‌లో క్లౌన్ ఫిష్‌లే లేవు. అయినా కరీబియన్ ప్రాంతపు కాండిలాక్టిస్‌ను ‘క్లౌన్ ఫిష్ అనిమోన్’ అన్న చీటీతో అమ్ముతూనే ఉన్నారు. కొన్ని క్లౌన్ ఫిష్‌లు గత్యంతరం లేక దానిలో చేరే మాట నిజమే, కానీ అది వాటి సహజమైన ఇల్లు కాదు. అది ట్యాంకంతా తిరిగి పగడాలను కుట్టగలదు, చిన్న చేపలను తినగలదు. ఇక్కడ పేరులోనే ఒక చిక్కుంది. కార్పెట్లలో ఒకదాని శాస్త్రీయ నామం చివరా, కరీబియన్ జీవి శాస్త్రీయ నామం చివరా ‘జైగాంటియా’ అనే ఉంటుంది. చీటీ మీద ‘జెయింట్ అనిమోన్’ అని రాస్తే, రెండు వేర్వేరు మహాసముద్రాలకు చెందిన, స్వభావంలో పొంతన లేని రెండు జీవులలో ఏది తన సంచిలో ఉందో కొనేవారికి ఎలా తెలియాలి?

మరి రీఫ్ ట్యాంకులో చేపలకు హాని తక్కువగా ఉండే అనిమోన్ ఏది? ఈ ప్రశ్నకు మీ దగ్గర దొరకవలసిన జవాబును నా అనుభవం నుంచి, తెలిసిన పెంపకందారుల అనుభవం నుంచి ఇక్కడ రాస్తున్నాను. పూర్తిగా సురక్షితమైన అనిమోన్ లేదు. అది ముందే ఒప్పుకుంటే మిగిలిన మాటలు నిజాయితీగా మాట్లాడుకోవచ్చు.

ఎక్కువమందికి నేను చెప్పేది బబుల్ టిప్, అంటే ఎంటాక్మియా క్వాడ్రికలర్. అదీ సముద్రం నుంచి పట్టుకొచ్చింది కాకుండా, ట్యాంకులలో చీలి పెరిగిన సంతతి. సాధారణంగా 30 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. పాదాన్ని రాతి సందులో దాచుకుని, స్పర్శకాలను మాత్రం వెలుగులోకి చాస్తుంది. తనంతట తాను రెండుగా చీలి పెరుగుతుంది కనుక ఒకరి ట్యాంకు నుంచి మరొకరి ట్యాంకుకు చేరుతూ, దీపాల వెలుతురుకూ, మనం కలిపే ఉప్పునీటికీ తరాలుగా అలవాటు పడి ఉంటుంది. దీని కాటు కార్పెట్ల కాటంత తీవ్రం కాదు, జిగురూ తక్కువే. చురుకైన చేపలు దీనితో ఏళ్ల తరబడి కలిసి బతకడం చూశాను. ఆసెలారిస్‌కు ఇది సముద్రంలో సహజమైన ఆశ్రయం కాకపోయినా, ట్యాంకులలో చాలా జంటలు దీనిని స్వీకరిస్తాయి. టొమాటో, మెరూన్ క్లౌన్ ఫిష్‌లకైతే ఇదే పుట్టిల్లు. ఇన్ని మంచి గుణాలున్నా ఇది కూడా నీరసించిన చేపను, చిన్న రొయ్యను పట్టి తినగలదు. నచ్చని చోటు నుంచి లేచి ట్యాంకంతా తిరిగి, దారిలోని పగడాలను కుట్టగలదు. కొనేవారికి ఇది కూడా చెప్పాలి. ఇంకొక సంగతి ఏమిటంటే, స్పర్శకాల కొసన బుడగలు ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి మాత్రమే దీనిని పోల్చకూడదు. ట్యాంకులో చాలాసార్లు ఆ బుడగలు పోయి స్పర్శకాలు సన్నగా, నిటారుగా సాగుతాయి.

క్లౌన్ ఫిష్ లేకపోయినా ఫరవాలేదు, అందం కావాలి అనేవారికి రాక్ ఫ్లవర్ అనిమోన్ మంచి ఎంపిక. పెరిగినా 15 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, స్పర్శకాలు పొట్టివి, చోటు నచ్చితే కదలకుండా కూర్చుంటుంది, ట్యాంకులలో పిల్లలను కూడా పెడుతుంది. మినీ కార్పెట్ అని పిలిచే స్టైకోడాక్టైలా టేపెటమ్ కూడా చిన్నదే అయినా, పేరుకు తగ్గట్టు కార్పెట్ గుణం కొంత ఉంది. అతి చిన్న గోబీలు, రొయ్యలు ఉన్న తొట్టిలో నేను దానిని పెట్టను.

పెద్ద కార్పెట్ల విషయంలో నా మాట కఠినంగానే ఉంటుంది. హడోనై, జైగాంటియా, మెర్టెన్సై మూడింటినీ ‘కార్పెట్’ అన్న ఒకే ముద్దగా అమ్మడం మానండి. మెర్టెన్సై మీటరుకు పైగా పరుచుకోగలదు. జైగాంటియా చెయ్యి తగిలితే విడిపించుకునేటప్పుడు స్పర్శకాలే తెగి వచ్చేంత జిగురుగా అంటుకుంటుంది. హడోనైకి పాదం పూడ్చుకునేంత లోతైన ఇసుక కావాలి. వీటిని గుర్తుపట్టడం మీకు అసాధ్యమేమీ కాదు: కాండం మీది చిన్న బొడిపెలు జైగాంటియాలో నీలం నుంచి ముదురు ఊదా ఎరుపు దాకా, మెర్టెన్సైలో నారింజ నుంచి ముదురు గులాబీ దాకా ఉంటాయి, హడోనైలో అవి కాండం రంగులోనే కలిసిపోయి పెద్దగా కనబడవు. పట్టిన వారు, మూట కట్టిన వారు, తొట్టిలో దించిన వారు కాండాన్ని చూస్తారు. కొనే మాకు కనబడేది పైనున్న చక్రం మాత్రమే. తేడా తెలిసే అవకాశం ఎవరికి ఎక్కువుందో వారి మీదే చెప్పవలసిన బాధ్యత ఉండాలని అడగడం అత్యాశ కాదు.

హెటెరాక్టిస్ మ్యాగ్నిఫికా మీటరు వెడల్పు దాకా పెరిగే మహారాణి. తీవ్రమైన వెలుతురు, బలమైన ప్రవాహం దొరికే ఎత్తైన రాయి కోసం తిరుగుతూనే ఉంటుంది. ఇంటి ట్యాంకులలో చాలావాటికి అది తగదు. ట్యూబ్ అనిమోన్ నిజానికి అనిమోన్‌ల వర్గానికే చెందదు, దూరపు బంధువు. రాత్రిపూట పొడవైన స్పర్శకాలు చాచే దానిని చిన్న చేపలున్న రీఫ్ ట్యాంకు కోసం ఎవరికీ అమ్మకూడదు. ఇక ‘హెల్స్ ఫైర్’ అని పిలిచే ఆక్టినోడెండ్రాన్ మనుషుల చర్మాన్నే తీవ్రంగా గాయపరచగలదు. దానిని ఏ హెచ్చరికా లేకుండా మెత్తని పగడాల పక్కన పెట్టి అమ్మడం చూసినప్పుడు నా చేతులు వణికాయి. పక్కనే ఒక తల్లి తన చిన్న పిల్లవాడికి వేలితో దానిని చూపిస్తోంది.

రాతి పగడాలు అంతర్జాతీయ జీవ వాణిజ్య ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో ఉన్నాయి. అందుకే దేశాల మధ్య నడిచే వాటి సరుకుకు అనుమతి పత్రం ఉంటుంది, ఆ పత్రంలో కనీసం ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) స్థాయిలోనైనా శాస్త్రీయ నామం ఉంటుంది. సీ అనిమోన్‌లు ఆ జాబితాలో లేవు. పేరు రాయించే చట్టం ఏదీ తల మీద లేకపోవడంతో పేరు రాసే అలవాటే పోయింది. పక్కపక్క తొట్టెలలో ఉన్న పగడానికి పేరుండి, అనిమోన్‌కు లేకపోవడానికి నాకు కనిపిస్తున్న కారణం ఇదే. రాయడం చేతకాక కాదు, రాయమని అడిగేవారు లేక.

దీనివల్ల మామూలు పెంపకందారులకు జరుగుతున్న నష్టాన్ని మీ ముందు ఉంచుతున్నాను.

1. చేపలు పోతున్నాయి. నెలల తరబడి తిండికి అలవాటు చేసి, పేర్లు పెట్టుకుని, పిల్లలతో కలిసి చూసుకున్న చేపలు ఒక్క రాత్రిలో మాయమవుతాయి. మాండరిన్ వంటి చేపలలో చాలావరకు ఇంకా సముద్రం నుంచి పట్టుకొచ్చినవే. ఇంట్లో ఒకటి పోతే, దాని చోటు నింపడానికి పగడపు దిబ్బ మీద మరొకటి వలలో పడుతుంది.

2. మొత్తం ట్యాంకే పోతుంది. ఈ నష్టాన్ని చూడనివారికి దీని తీవ్రత అర్థం కాదు కనుక వివరంగా రాస్తున్నాను. కొత్త చోటు నచ్చని అనిమోన్ రాత్రిపూట పాదం వదిలి తిరుగుతుంది. అలా తిరుగుతూ వేవ్‌మేకర్ (నీటిలో అలలు పుట్టించే పంపు) లోకి లాగబడితే రెక్కలు దానిని ముక్కలు ముక్కలు చేసి నీరంతా చిమ్ముతాయి. చచ్చి కుళ్లిన అనిమోన్ వల్ల అమ్మోనియా ఒక్కసారిగా పెరుగుతుంది, చిందిన విషం దానికి తోడవుతుంది. నాకు తెలిసిన ఒక రిటైరైన ఉపాధ్యాయుడు తెల్లవారి లేచేసరికి ఆరేళ్ల ట్యాంకు పాలనీళ్లలా తెల్లబడి, ఒక్క చేప కూడా మిగలకుండా ఉంది. అనిమోన్‌ను తెచ్చుకునే ముందు పంపులకు స్పంజి తొడుగో జాలీయో వేయాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క మాట చెప్పడానికి అర నిమిషం పట్టదు. ఆయన మళ్లీ ట్యాంకు పెట్టలేదు.

3. అనిమోన్‌లే పోతున్నాయి. వాటి ఒంటిలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు ఉండి, వెలుతురు నుంచి వాటికి ఆహారం అందిస్తాయి. అలసట వల్లా, చీకటి ప్రయాణం వల్లా ఆ శైవలాలను పోగొట్టుకుని తెల్లబడిన అనిమోన్‌ను ‘తెల్లరకం, అరుదైనది’ అని అమ్ముతున్నారు. ఇంకా దారుణం, అలా పాలిపోయినదానికి పసుపు రంగో మరే రంగో అద్ది అమ్మడం. అది కొన్నవారింట్లో వారాల్లోనో నెలల్లోనో ఆకలితో చచ్చిపోతుంది, వారు తమ చేతకానితనమే అనుకుని కుమిలిపోతారు. సరిగ్గా చూసుకుంటే ఈ జీవులు ఎంతకాలం బతుకుతాయో తెలుసా? 1828లో స్కాట్లాండ్ తీరంలో జాన్ డాలియెల్ సేకరించిన ఒక ఎర్రని అనిమోన్, ‘గ్రానీ’ అన్న పేరుతో చేతులు మారుతూ 1887 దాకా గాజు పాత్రలో బతికింది. విద్యుద్దీపాలూ, పంపులూ లేని రోజుల్లో అరవై ఏళ్లకు ఒక్క ఏడాది తక్కువ. అది చల్లని సముద్రపు జాతి, మన రీఫ్ అనిమోన్‌ల అవసరాలు దానికి లేవు. అయినా ఆరు నెలలు బతికితే గొప్ప అనే మీ దుకాణాల మాటకు అది చాలినంత జవాబు.

4. పగడాలు కాలిపోతాయి. తిరిగే అనిమోన్ దారిలో తాకిన ప్రతి పగడం మీదా తెల్లని మచ్చ మిగులుతుంది.

5. కొత్తవారు ఈ అభిరుచినే వదిలేస్తున్నారు. మొదటి ఏడాదిలోనే, ఇంకా కుదురుకోని ట్యాంకు కోసం అనిమోన్ అమ్మిన ప్రతిసారీ మీరు ఒక జీవిని, ఒక కొనుగోలుదారును కూడా పోగొట్టుకుంటున్నారు. అమ్మోనియా, నైట్రైటు సున్నా ఉండి, లవణీయత వెయ్యికి 35 పాళ్ల దగ్గర, ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీల మధ్య హెచ్చుతగ్గులు లేకుండా నిలిచిన ట్యాంకు కావాలి. అలా నిలవడానికి కనీసం ఆరు నెలలు, మేలుగా చూస్తే ఏడాది పడుతుంది. ‘ట్యాంకు పెట్టి ఎన్నాళ్లయింది’ అని నన్ను ఇంతవరకు ఒక్క దుకాణంలోనూ అడగలేదు.

6. తెలియక పట్టుకున్నవారి చేతులు వాచిపోతున్నాయి. కొందరి ఒంటికి ఈ విషం అసలు పడదు, మామూలుకన్నా తీవ్రంగా బాధపడతారు. చేతి తొడుగు వేసుకోమని చెప్పకపోవడం నిర్లక్ష్యమే.

పై కారణాల వల్ల మిమ్మల్ని ఈ కింది వాటిని చేయవలసిందిగా కోరుతున్నాను, అవసరమైతే డిమాండ్ చేస్తున్నాను అని కూడా చదువుకోండి.

1. అమ్మే ప్రతి సీ అనిమోన్ తొట్టి మీదా, సంచి మీదా, రసీదు మీదా శాస్త్రీయ నామం రాయాలి. జాతి ఖాయంగా తేలనప్పుడు ప్రజాతి పేరు రాసి, జాతి తేలలేదని అక్కడే రాయాలి. హెటెరాక్టిస్ క్రిస్పా, హెటెరాక్టిస్ మాలు అనే రెండు వేర్వేరు జాతులనూ ‘సెబే’ అనే ఒక్క పేరుతో చెలామణి చేయడం ఆపాలి. శాస్త్రవేత్తలు కొన్ని ప్రజాతుల పేర్లు మారుస్తున్నారు, మాకు గందరగోళంగా ఉందని కొందరు వర్తకులు అంటున్నారు. పాత పేరో కొత్త పేరో ఏదో ఒకటి రాయండి; మేము వెతుక్కుంటాం. పేరే లేకపోతే వెతుక్కోవడానికి ఆధారమే ఉండదు.

2. ‘చేపలకు సురక్షితం’ అన్న మాటను ఏ అనిమోన్ మీదా రాయకూడదు, నోటితో చెప్పకూడదు. దాని బదులు మూడు విషయాలు చెప్పాలి: పూర్తిగా పెరిగితే ఎంత వెడల్పు వస్తుంది, ఏ క్లౌన్ ఫిష్‌లకు సహజమైన ఆశ్రయం, ఎలాంటి చేపలు దానికి చిక్కే ప్రమాదముంది. హడోనై తొట్టి మీద మాండరిన్, గోబీ, ఫైర్‌ఫిష్, సముద్రపు గుర్రం బొమ్మలు వేసి అడ్డంగా గీత గీస్తే చాలు. చదవడం రాని పిల్లలకు కూడా అర్థమవుతుంది.

3. రంగు అద్దిన అనిమోన్‌లను కొనడం, అమ్మడం వెంటనే నిలిపివేయాలి. ఇందులో గడువు అడగవద్దు. తెల్లబడినవాటిని అమ్మకానికి పెట్టకుండా, సరైన వెలుతురులో ఉంచి, చిన్న చిన్న ముక్కలుగా ఆహారమిచ్చి, రంగు తిరిగి వచ్చాకే అమ్మాలి.

4. దిగుమతి అయిన అనిమోన్‌ను కనీసం రెండు వారాలు దుకాణంలో ఉంచి, పాదం చిరగలేదని, నోరు బిగుతుగా మూసుకుని ఉందని, స్పర్శకాలకు పట్టు ఉందని, ఆహారం తీసుకుంటోందని కొనేవారి కళ్ల ముందే చూపించి ఇవ్వాలి. రాయికి అతుక్కున్నదాన్ని పీకి ఇవ్వవద్దు. పాదం చిరిగిన అనిమోన్ ఎక్కువ రోజులు బతకదని మీకు నాకన్నా బాగా తెలుసు. రాయితో సహా ఇవ్వండి, రాయి ధర కూడా తీసుకోండి.

5. ట్యాంకులలో చీలి పెరిగిన బబుల్ టిప్‌లను, ట్యాంకులలో పుట్టిన రాక్ ఫ్లవర్‌లను విడిగా, స్పష్టంగా గుర్తించి అమ్మాలి. పెంపకందారుల దగ్గర చీలిన పిల్లలను మీరు తిరిగి కొనే ఏర్పాటు చేస్తే, సముద్రం నుంచి పట్టవలసిన అవసరం చాలా తగ్గుతుంది. నా ట్యాంకులో ఇప్పుడున్న బబుల్ టిప్ నాలుగుగా చీలింది. మూడింటిని ఉచితంగా ఇస్తానంటే తీసుకోవడానికి నేను అడిగిన ఏ దుకాణమూ ముందుకు రాలేదు. అదే వారంలో అక్కడి తొట్టెలలో సముద్రం నుంచి తెచ్చిన కొత్తవి మూడు దిగాయి. దీన్ని మీరు ఎలా సమర్థించుకుంటారో తెలుసుకోవాలని ఉంది.

6. ఆక్టినోడెండ్రాన్‌ను, ట్యూబ్ అనిమోన్‌ను ఇంటి రీఫ్ ట్యాంకుల కోసం అమ్మడం మానుకోవాలి.

7. అనిమోన్ కొన్న ప్రతివారికీ ఒక్క పేజీ కాగితం ఇవ్వాలి. పంపులకు తొడుగు, ట్యాంకు వయసు, నీటి కొలతలు, చేతి తొడుగు, చచ్చిపోయిందనిపిస్తే ఎంత త్వరగా బయటికి తీయాలి అన్నవి అందులో ఉంటే చాలు. అలాంటి కాగితం ఒకటి నేనే తెలుగులో రాసి సిద్ధంగా ఉంచాను. మీ పేరు వేసుకుని పంచుకోండి, నాకు అభ్యంతరం లేదు.

వర్తక సంఘాల బాధ్యులకు విడిగా ఒక మనవి. పోయినసారి మీరు ఇది కొన్నవారికీ అమ్మినవారికీ మధ్య విషయమని రాశారు. సంచి మీద పేరు పడాలంటే పట్టిన చోట, మూట కట్టిన చోట, దించుకున్న చోట అందరూ ఒకే నియమానికి కట్టుబడాలి. ఆ నియమం ఏ ఒక్క దుకాణమూ పెట్టలేదు, సంఘమే పెట్టగలదు. కనుక మొదటి, మూడో, నాలుగో అంశాలను మీ సభ్యత్వ షరతుల్లో చేర్చే ప్రతిపాదనను వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టి, సభ్యులు ఏమన్నారో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

తోటి పెంపకందారులకు కూడా ఒక విన్నపం. పేరు రాయని అనిమోన్‌ను కొనకండి. దుకాణంలో నిలబడి ‘దీని జాతి ఏమిటి’ అని అడగండి. తెలియదంటే మర్యాదగా వెనక్కి రండి. క్లౌన్ ఫిష్‌కు అనిమోన్ లేకపోయినా ట్యాంకులో హాయిగా బతుకుతుంది, కనుక తొందరపడవలసిన పనేమీ లేదు.

నా దగ్గర ఉన్న ఉత్తరాల నకళ్లు, ఆ హడోనై ఛాయాచిత్రాలు, చేపలు పోయిన తేదీలు రాసుకున్న పుస్తకం అడిగినవారికి చూపడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ హడోనై ఇంకా బతికే ఉంది. దాని తప్పేమీ లేదు కనుక, లోతైన ఇసుక పరచి, వేరే చేపలేవీ లేకుండా దానికి విడిగా ఒక తొట్టి ఏర్పాటు చేశాను. దాని మీద పేరు కూడా రాశాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక రీఫ్ ట్యాంకు పెంపకందారు